గ్రామసభ: మన ఊరిని నగర పంచాయతీ చేస్తారట, ఆదివారం ఏం అడుగుదాం?

రావిచెట్టు_సెంటర్ | సోమవారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మన మేజర్ పంచాయతీనీ పక్కనున్న రెండు చిన్న పంచాయతీలనూ కలిపి నగర పంచాయతీ, అంటే చిన్న మున్సిపాలిటీ, చేయాలని ప్రతిపాదన వచ్చింది. దాని మీద మన అభిప్రాయం తీసుకోడానికి ఆదివారం ఉదయం పదింటికి హైస్కూల్ ఆవరణలో గ్రామసభ. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. టముకు మాత్రం మెయిన్ రోడ్డు వెంట వేసి ఊరుకున్నారు. చెరువు అవతలి వీధులకూ కాలనీకీ ఎవరూ వెళ్లలేదు. మా వీధిలోనే సగం మందికి ఈ సంగతి తెలీదు.

నేను ఇప్పుడే ఔననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. పిలిచినా పిలవకపోయినా వెళ్లొచ్చు, లేచి మాట్లాడొచ్చు. కాబట్టి ఆ రోజు మనం అక్కడ ఉండాలి, మన మాట మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. కిందటిసారి వచ్చినవాళ్లు సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయారు. లోపల ఏ తీర్మానం రాసుకున్నారో నెల తర్వాత తెలిసింది. పన్నులు, ఉపాధి పనులు, ఇంటి ప్లాన్లు, దేని గురించైనా సరే, ఎవరికేం తెలిస్తే అది ఇక్కడ రాయండి. శనివారానికి అంతా ఒక కాగితం మీదకు తెద్దాం.

కిరాణా_కొట్టు | సోమవారం రాత్రి 9:05

నేనైతే కావాలనే అంటాను అన్నా. బస్టాండు వెనక వీధి సంగతి మీకు తెలుసు. గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లు, కొట్టులో కింది అరల్లో బస్తాలన్నీ పైకెక్కించుకోవాలి. పంచాయతీని అడిగితే నిధులు లేవంటారు. ఇంత పెద్ద ఊరికి చెత్త ట్రాక్టరు ఒకటే. నగర పంచాయతీ అయితే కమిషనర్ వస్తాడు, ఇంజినీరు వస్తాడు, శానిటరీ ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఊరు పెరిగింది, పాలన కూడా పెరగాలి కదా.

పొదుపు_సంఘం_అక్క | సోమవారం రాత్రి 9:48

తమ్ముడూ, నీ కొట్టు ముందు నీళ్లు నిలవడం నేనూ చూశాను, కాదనను. మరి మా సంగతి కూడా విను. మా సంఘంలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎండాకాలం ఉపాధి పనికి వెళతారు. చెరువులో పూడిక తీతకు తెల్లారుజామున ఐదున్నరకే బయల్దేరతాం, ఎండ ముదిరేలోపు కొలత అయ్యేలా తవ్వుకుంటాం. పని చేయించే మేటు హాజరు (మస్టర్) రాస్తాడు, డబ్బులు ఖాతాలో పడతాయి. ఆలస్యంగానే పడతాయి, కానీ పడతాయి. పొలం పనులు లేని ఆ రెండు మూడు నెలలూ ఇల్లు గడిచేది దానితోనే. ఉపాధి హామీ పల్లెలకే. నగర పంచాయతీ అయిన రోజున మా జాబ్ కార్డులు చెల్లవు. ఆ మాట నోటీసులో ఎక్కడైనా ఉందా?

మా ఆడవాళ్లకు ఈ గ్రామసభ గురించి చెప్పినవాళ్లే లేరు. మీరు ఇక్కడ రాస్తే చదివాను.

పాత_కార్యదర్శి | సోమవారం రాత్రి 10:30

పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైనవాణ్ణి. తెలిసింది చెబుతాను.

పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ అని రాజ్యాంగంలో 243క్యూ అధికరణంలో ఉంది. 74వ సవరణతో 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. జనాభా, జనసాంద్రత, స్థానికంగా వచ్చే ఆదాయం, వ్యవసాయం కాక వేరే పనుల మీద బతికేవాళ్ల శాతం, ఇవన్నీ చూసి గవర్నర్ పేరుతో నోటిఫికేషన్ ఇస్తారు. అంటే చివరి నిర్ణయం ప్రభుత్వానిదే, గ్రామసభది కాదు. ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి, లేకపోతే మనం కాదంటే ఆగిపోతుందనుకుని తర్వాత బాధపడతాం.

అయితే గ్రామసభ మాటకు బరువు లేదనుకోకండి. 2022 జనవరిలో అమరావతిలో 19 గ్రామాలతో రాజధాని నగరపాలక సంస్థ పెడతామని గ్రామసభలు జరిపారు. ఊరూరా జనం వచ్చి వద్దన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో 22 గ్రామాలతో పురపాలక సంఘమన్నారు, అప్పుడూ సభల్లో వ్యతిరేకించారు. రాజధానికి భూములిచ్చిన 29 గ్రామాలనూ విడదీయకుండా కలిపే ఉంచాలన్నది వాళ్ల పట్టు. ఆ మాటను సభలో చెప్పి, రికార్డులోకి ఎక్కించారు.

పాలన తీరులో ఒక పెద్ద తేడా ఉంది, అది చాలామంది పట్టించుకోరు. మన ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచికి మనమే నేరుగా ఓటు వేస్తాం. మున్సిపల్ చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది కౌన్సిలర్లు. పంచాయతీలో గ్రామసభ ఉంటుంది, మనం నిలబడి అడగొచ్చు. మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో మాట్లాడేది సభ్యులు మాత్రమే. వార్డు కమిటీలు తప్పనిసరి అని రాజ్యాంగం చెప్పింది మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాలకే. మన ఊరు అందులో పదో వంతు కూడా ఉండదు.

కిరాణా_కొట్టు | సోమవారం రాత్రి 10:52

కార్యదర్శి గారూ, పన్నుల సంగతి చెప్పండి. ఎంత పెరుగుతుంది?

పాత_కార్యదర్శి | సోమవారం రాత్రి 11:15

ఎంత అని నేను చెప్పకూడదు బాబూ, ఆదివారం అధికారుల చేతనే చెప్పించాలి. రూలు మాత్రం చెబుతాను. మన రాష్ట్ర పట్టణాల్లో 2021 నుంచి ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను వేస్తున్నారు. రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పన్నూ పెరుగుతుంది. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. కొత్తగా కలిసే ఊళ్లలో మొదటి ఏడాది పన్ను దేని మీద లెక్క కడతారు, ఆ పరిమితి మనకు ఏ అంకె నుంచి మొదలవుతుంది, ఇదీ అడగాల్సిన ప్రశ్న. పెంకుటింటికి, రేకుల ఇంటికి, మెయిన్ రోడ్డు కొట్టుకు ఒక్కో నమూనా లెక్క వేసి చూపించమనండి. పట్టణాల్లో 2021లో చెత్త పన్ను పెట్టి, 2024లో రద్దు చేశారని ప్రకటించడం మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఇంటి పన్ను ఒక్కటే అడిగి ఊరుకోకుండా నీటి కుళాయి చార్జీ, ఖాళీ స్థలం పన్ను, ట్రేడ్ లైసెన్సు ఫీజు అన్నీ అడగాలి. నీ కొట్టుకు ఆ చివరిది వర్తిస్తుంది.

మానేరు_ఒడ్డు | మంగళవారం ఉదయం 7:20

తెలంగాణ నుంచి రాస్తున్న. మా ఊరు మున్సిపాలిటీల కలిసింది. 2018ల మా దగ్గర ఒక్కసారే 68 కొత్త మున్సిపాలిటీలు చేసిన్రు. మీరు పన్ను గురించి అడుగుతున్నరు, మంచిదే, కానీ భూమి గురించి కూడా అడగండి. మున్సిపాలిటీ అయితే మాస్టర్ ప్లాన్ వస్తది, అంటే ఏ భూమి దేనికి వాడాల్నో గీసే పటం. మీ పొలం ఏ జోన్‌ల పడుతదో మీకు తెల్వకుండనే గీత పడుతది.

కామారెడ్డిల ఏమైందో చూడుండ్రి. మున్సిపాలిటీల కలిసిన ఊర్ల రైతుల పొలాలు మాస్టర్ ప్లాన్ ముసాయిదాల ఇండస్ట్రియల్ జోన్‌ల చూపిచ్చిన్రు. 2023 జనవరిల రైతులు రోడ్డెక్కిన్రు, ఒక రైతు పానం తీసుకున్నడు. అప్పుడు గానీ కదలలే. ఆ నెల 20న కౌన్సిల్ కూసొని ముసాయిదా రద్దు చేస్తున్నమని తీర్మానం చేసింది. జగిత్యాలల కూడా గట్లనే ఎనక్కి తీసుకున్నరు. ముసాయిదా గోడకు అంటిచ్చిన రోజే మనోళ్లు పోయి సర్వే నంబర్లు చూసుకొని అభ్యంతరం రాసిస్తే అంత దూరం పోయేది కాదు.

మా చట్టంల ఒక మంచి ముచ్చట కూడా ఉన్నది. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలె. యువకులకు ఒకటి, మహిళలకు ఒకటి, పెద్దమనుషులకు ఒకటి, ఊర్ల పేరున్నోళ్లకు ఒకటి, ఒక్కో దాంట్ల 15 మంది. కాగితం మీద మంచిగుంటది, నడవాల్నంటే ఎవలో ఒకలు ఎంటవడాలె.

చీరాల_మగ్గం | మంగళవారం మధ్యాహ్నం 1:10

మా ఊరి చరిత్ర ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మీరు అనుకుంటున్న విషయం వందేళ్ల కింద మా దగ్గర జరిగిందే.

1919లో చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేశారు. అప్పటిదాకా ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్నులు నలభై వేలకు ఎగబాకాయి. ఊళ్లో ఎక్కువమంది చేనేత పనివాళ్లు, ఎక్కడినుంచి తెచ్చి కడతారు? మాకు మున్సిపాలిటీ వద్దని మొరపెట్టుకున్నారు, పన్ను కట్టమన్నారు, జైళ్లకు వెళ్లారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ముందు నిలబడ్డారు. 1921 ఏప్రిల్లో గాంధీగారు వచ్చినప్పుడు సలహా అడిగారు. అహింసగా పన్ను నిరాకరించండి, లేదా ఊరే ఖాళీ చేయండి, మున్సిపాలిటీ హద్దు దాటితే మున్సిపాలిటీయే ఉండదు అన్నారాయన. జనం రెండోది ఎంచుకున్నారు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా, మగ్గాలతో సహా హద్దు బయటికి వెళ్లి పాకలు వేసుకుని రామనగరం అని పేరు పెట్టుకున్నారు. అక్కడ తమ పంచాయతీ తామే నడుపుకున్నారు. ఎండలో వానలో పదకొండు నెలలు. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు, చివరికి తిరిగి రాక తప్పలేదు.

ఇప్పుడు ఊరు ఖాళీ చేయమని నేను చెప్పడం లేదు. అప్పుడు వాళ్లను ఎవరూ అడగలేదు, ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నారు. వాళ్లకు లేని గ్రామసభ మీకుంది. దాన్ని వృథా చేసుకోకండి.

పొదుపు_సంఘం_అక్క | మంగళవారం సాయంత్రం 6:35

చదువుతుంటే కళ్లు చెమర్చాయి అన్నా. ఆదివారం మా సంఘాల వాళ్లం అందరం కలిసి వస్తాం. బుధవారం పొదుపు మీటింగుంది, అందులో ఈ విషయం పెడతాను.

శాన్‌హోసే_తెలుగు | మంగళవారం రాత్రి 9:00

మన ఊరివాడినే, కాలిఫోర్నియాలో ఉంటాను. ఓటు లేదు కాబట్టి తీర్పు చెప్పను. ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను, పనికొస్తే వాడుకోండి. ఈ రాష్ట్రంలో 1953లో బ్రౌన్ చట్టం అని చేశారు. సిటీ కౌన్సిల్ అయినా స్కూల్ బోర్డు అయినా, మామూలు సమావేశానికి 72 గంటల ముందు అజెండా బహిరంగంగా పెట్టాలి. అజెండాలో లేని అంశం మీద, అత్యవసరమైతే తప్ప, నిర్ణయం తీసుకోకూడదు. ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. మనిషికి రెండు మూడు నిమిషాలు ఇస్తారు, గంట మోగితే కూర్చోవాలి. కొత్తలో నాకు అది మొక్కుబడిలా అనిపించింది. కానీ రెండు నిమిషాల్లో చెప్పాలంటే కాగితం మీద రాసుకుని రావాల్సిందే, అందుకే చెప్పే మాట సూటిగా ఉంటుంది. మీరూ ఆదివారం ఒక్కొక్కరు ఒక్కో విషయం పంచుకుని, రాసుకుని వెళ్లండి.

జిల్లా_పేజీ | మంగళవారం రాత్రి 10:20

విలేకరిగా చెబుతున్నాను. మున్సిపల్ కౌన్సిల్ సమావేశాలకు వెళ్తుంటాను కాబట్టి అక్కడి తీరు తెలుసు. అజెండా కాపీ ఇస్తారు, అంశాలు గబగబా చదువుతారు, ఆమోదం ఆమోదం అంటారు, మమ అనిపించేస్తారు. అసలు విషయం చివర్లో వచ్చే టేబుల్ అజెండాలో ఉంటుంది. ముందుగా ఎవరికీ ఇవ్వని అంశాలు అప్పటికప్పుడు బల్ల మీద పెట్టి పాస్ చేయించుకుంటారు. ప్రతిపక్ష సభ్యుడు గట్టివాడైతే అసమ్మతి పత్రం రాసిస్తాడు. మేం వెనక కుర్చీల్లో కూర్చుని రాసుకుంటాం. మర్నాడు పేజీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఏ వీధికి ఎంత మంజూరైందో రాదు. స్థలం ఉండదు.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఊరి వార్తకు పేపర్లో చోటు దొరికింది. బోరు పాడైనా, టీచర్ రాకపోయినా మర్నాటికి అచ్చులో కనిపించేది, ఆఫీసర్లు కదిలేవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఊరూరా పాకడంలో ఆ పేజీల పాత్ర చిన్నది కాదు. ఇప్పుడు వార్త వాట్సాప్‌లో ముందే తిరుగుతుంది, కానీ అందులో నిజమెంతో తెలీదు. కాబట్టి సభలో చదివిన తీర్మానం పాఠం ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ పెట్టేవాళ్లుంటే అది నా వార్త కంటే విలువైనది. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

డిగ్రీ_కుర్రాడు | బుధవారం ఉదయం 8:15

నాదో సందేహం. ఒడిశాలోని నియమగిరి కొండల్లో గ్రామసభ వద్దంటే గనులే ఆగిపోయాయి కదా? మన గ్రామసభకు ఆ బలం ఎందుకు లేదు?

పాత_కార్యదర్శి | బుధవారం ఉదయం 9:40

మంచి ప్రశ్న నాన్నా. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఒడిశాలో 12 పల్లెల్లో సభలు జరిగాయి, పన్నెండూ బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. అది అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన బలం. గిరిజన ప్రాంతాల గ్రామసభలకు 1996 నాటి పెసా చట్టం కూడా ఉంది. మైదాన ప్రాంతంలో మనకు ఆ రెండూ వర్తించవు. మన బలం రికార్డే. రేపు ఎవరైనా కోర్టుకు వెళ్లినా, కలెక్టర్‌కు అర్జీ పెట్టినా ముందు చూసేది ఆ పుస్తకాన్నే.

అందుకే ఆ పుస్తకం గురించి ఇంకొంచెం చెబుతాను, ఓపిగ్గా చదవండి. సభ మొదలవకముందే గుమ్మం దగ్గర పుస్తకం పెట్టి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. అది హాజరు కోసమే. కానీ పైన సగం పేజీ ఖాళీగా వదిలి కింద సంతకాలు తీసుకుంటే, తర్వాత ఆ ఖాళీలో ఏం రాసినా మనం ఒప్పుకున్నట్టే లెక్క. సంతకం పెట్టేముందు పేజీ పైన తేదీ, చోటు, "హాజరైన సభ్యులు" అనే శీర్షిక ఉన్నాయో లేదో చూడండి. ఖాళీ జాగా ఉంటే అడ్డంగా గీత కొట్టమనండి. మర్యాదగా అడిగితే ఏ కార్యదర్శీ కాదనడు. సభ అయ్యాక తీర్మానం పైకి చదవమనండి. చివరి వాక్యం కిందే సర్పంచి, కార్యదర్శి సంతకాలు పడాలి, మధ్యలో ఒక్క వరుస కూడా ఖాళీ ఉండకూడదు. మర్నాడు నకలుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో ఇవ్వాలి.

కిరాణా_కొట్టు | గురువారం రాత్రి 9:30

అక్కా, రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నా కొట్టుకు వచ్చే సరుకు బేరంలో సగం ఉపాధి డబ్బులు పడిన వారమే. నగర పంచాయతీ కావాలనే ఇంకా అంటాను, డ్రైనేజీ లేకుండా ఈ ఊరు నిలబడదు. కానీ మీకు పని పోతే దానికి బదులు ఏమిటో చెప్పకుండా నేను చెయ్యెత్తను. ఆ మాట సభలో నేనే అడుగుతాను.

పొదుపు_సంఘం_అక్క | గురువారం రాత్రి 9:55

చల్లగా ఉండు తమ్ముడూ. డ్రైనేజీ గురించి మేమూ నీతో పాటు అడుగుతాం. మా వీధి కాలవలే ముందు పొంగేది.

రావిచెట్టు_సెంటర్ | శనివారం రాత్రి 8:00

కాగితం తయారైంది. ఇంటి పన్ను లెక్క నమూనాలతో సహా చూపాలని కిరాణా తమ్ముడు అడుగుతాడు, దాంతోపాటే ఉపాధికి బదులేమిటనీ అడుగుతాడు. జాబ్ కార్డుల సంఖ్య సభలో చదివి రికార్డు చేయాలని అక్క అడుగుతారు. మాస్టర్ ప్లాన్ వస్తే ముసాయిదా సర్వే నంబర్లతో ప్రతి వార్డులో తెలుగులో అంటించాలని నేను అడుగుతాను. పక్క రెండు పంచాయతీల్లో సభ ఎప్పుడు, వాళ్లు ఒప్పుకోకపోతే ఏమవుతుందని డిగ్రీ కుర్రాడు అడుగుతాడు. కాలనీకి, చెరువు అవతలికి ఈ సాయంత్రం మైకు పెట్టిన ఆటో పంపాం. ఖర్చు తలా కొంత వేసుకున్నాం.

రావిచెట్టు_సెంటర్ | ఆదివారం మధ్యాహ్నం 2:45

ఇప్పుడే వచ్చాను. వేడి మీదే రాస్తున్నాను.

హైస్కూల్ వరండా నిండి ఆవరణలో వేపచెట్ల కిందకు కూడా జనం చేరారు. పొదుపు సంఘాల ఆడవాళ్లే ముందు వరసలన్నీ. పుస్తకం గుమ్మం దగ్గరే పెట్టారు. పేజీలో పైన ఖాళీ ఉంది. కార్యదర్శి గారు చెప్పినట్టే అడిగాం, గీత కొట్టారు. ఎవరూ గొడవ పడలేదు.

అధికారి నగర పంచాయతీ అయితే వచ్చే లాభాలు చదివారు. తర్వాత కిరాణా తమ్ముడు లేచి పన్ను లెక్క అడిగాడు. నమూనా లెక్కలు ఇప్పుడు లేవన్నారు. ఉపాధికి బదులేమిటంటే, పైకి రాస్తామన్నారు. అప్పుడు అక్క లేచి ఒకటే మాట అన్నారు: "లెక్కలే లేకుండా మేం ఔనని ఎలా అంటాం, కాదని మాత్రం ఎలా అంటాం? లెక్కలు తెచ్చాక మళ్లీ సభ పెట్టండి." చప్పట్లు చాలాసేపు ఆగలేదు. కొందరు ఇప్పుడే వద్దని రాయండన్నారు, కొందరు ఇప్పుడే కావాలని రాయండన్నారు. వాదన గంటకు పైగా సాగింది. ఒక పెద్దాయన, పొలం ఊరికి ఆనుకుని ఉన్నాయన, నిలబడలేక కుర్చీలో కూర్చునే మాట్లాడారు. తన సర్వే నంబరు చెప్పి, అది తోటగానే ఉండాలని పుస్తకంలో రాయమన్నారు. రాశారు.

చివరికి చదివిన తీర్మానం సారాంశం ఇది. పన్నులు, చార్జీల నమూనా లెక్కలు, ఉపాధి కూలీలకు ప్రత్యామ్నాయం, మాస్టర్ ప్లాన్ పరిధి, ఈ మూడూ రాతపూర్వకంగా గ్రామసభ ముందు పెట్టిన తర్వాతే అభిప్రాయం చెబుతాం. అప్పటిదాకా ఈ సభను ఆమోదంగా పరిగణించకూడదు. అడిగిన ప్రశ్నలన్నీ అనుబంధంగా జతచేశారు. సంతకాలు చివరి వాక్యం కిందే పడ్డాయి, నేను పక్కనే ఉండి చూశాను.

పాత_కార్యదర్శి | ఆదివారం సాయంత్రం 4:10

మంచి తీర్మానం. "ఆమోదంగా పరిగణించకూడదు" అన్న వాక్యం చాలా ముఖ్యం. నకలు కోసం దరఖాస్తు రేపే ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక కాపీ కలెక్టరేట్‌కూ పంపండి.

మానేరు_ఒడ్డు | ఆదివారం సాయంత్రం 5:30

శానా మంచిగ చేసిన్రు అన్నా. పక్క రెండు ఊర్లోళ్లకు కూడా ఈ తీర్మానం చూపియ్యండి. వాళ్ల సభ కాకముందే.

పొదుపు_సంఘం_అక్క | ఆదివారం రాత్రి 8:20

ఆ రెండు ఊళ్లలో మా సమాఖ్య సభ్యులున్నారు. రేపు సాయంత్రం వెళుతున్నాం. నకలు వచ్చేదాకా ఆగకుండా సారాంశం చేత్తో రాసుకెళతాం. దరఖాస్తు మీద నా సంతకం కూడా పెట్టించండి, ఉదయం తొమ్మిదింటికి పంచాయతీ ఆఫీసు దగ్గరుంటాను.